బొమ్మ మనది, ఖాతా ఎవరిది?

(ఉత్తరాంధ్రలో చేతివృత్తుల మహిళల మధ్య పనిచేస్తున్న కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"సామాజిక మాధ్యమాల ద్వారా కొనుగోలుదారులను చేరుకోవడం ఎలా?" అన్న విషయం మీద మాట్లాడమని అడిగినప్పుడు నేను కొంచెం వెనకాడాను. ఇది వ్యాపారుల సంగతి, హక్కుల గురించి మాట్లాడుకునే మనకు దీంతో పనేమిటి అనిపించింది. కూలి రేట్లు, సారా, వరకట్నం, ఇంట్లో హింస, భూమి పట్టాలు... ఇన్నేళ్లుగా మనం మాట్లాడుకుంటూ వచ్చినవి ఇవి. ఫేస్‌బుక్కులో చీర ఎలా అమ్మాలో చెప్పడానికి మహిళా సంఘం కావాలా?

కావాలి అని నాకు తెలియజెప్పింది పొందూరు దగ్గర ఒక ఊళ్లో నూలు వడికే ఒక అప్ప. ఆమె పేరు ఇక్కడ చెప్పను. ఎందుకు చెప్పనో ఈ ప్రసంగం చివరికి మీకే తెలుస్తుంది.

ఒక రోజు వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నాం. పట్నంలో చదువుకుంటున్న మనవరాలు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "మామ్మా, నీ బొమ్మొచ్చింది సూడు!" అంది. నిజమే. రాట్నం ముందు కూర్చున్న ఆ అప్ప ఫోటో. దాని కింద ఒక చీర ఫోటో, ధర, "ఇప్పుడే కొనండి" అన్న మాట. ఎప్పుడో ఎవరో వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్లారట. ఎవరో ఆమెకు గుర్తులేదు. ఆ అప్ప ఫోను దగ్గరకు తీసుకుని, చీర బొమ్మను వేళ్లతో పెద్దది చేయించుకుని, చాలాసేపు చూసింది. చూసి అంది గదా:

"బొమ్మ నాదేనమ్మా. నూలు నాది కాదు. ఇంత లావు నూలు నానెప్పుడూ వడకనేదు."

తన ఫోటో పెట్టారని ఆమెకు కోపం రాలేదు. తనది కాని లావు నూలుకు తన ముఖాన్ని సాక్ష్యంగా పెట్టారని కోపం వచ్చింది. అరవై ఏళ్ల పనితనం మీద మచ్చ పడిందని బాధపడింది. "నన్నడిగితే సెప్పుదును కదా, ఇది కాదని" అంది.

ఆ రోజు నాకు విషయం అర్థమైంది. కొనుగోలుదారులను ఆకట్టుకోవడానికి ఈ రోజు మార్కెట్లో వాడుతున్న పెట్టుబడి డబ్బు మాత్రమే కాదు. మన ఆడవాళ్ల ముఖం, చేతులు, కథ కూడా పెట్టుబడే. ఆ పెట్టుబడి పెట్టినవాళ్లకు వాటా లేదు, మాట లేదు, చాలాసార్లు ఆ సంగతే తెలియదు. అందుకే ఇది హక్కుల విషయం.

సంతలో తెలిసిన విద్యే

ముందుగా ఒక భయం పోగొట్టుకుందాం. సామాజిక మాధ్యమాల్లో అమ్మడం అంటే చదువుకున్నవాళ్ల విద్య అని మన సంఘాల్లో అనుకుంటారు. కానీ అందులో ఉన్న అసలు పని మన ఆడవాళ్లకు తరతరాలుగా తెలిసిందే. సంతకి గంప దింపిన మనిషి ఏం చేస్తుంది? సరుకు కనపడేట్టు పేరుస్తుంది. పోయేవాళ్లను పిలుస్తుంది. ఒక ముక్క కోసి రుచి చూపిస్తుంది. ఎక్కడ పండిందో, ఎలా వండుకోవాలో చెబుతుంది. కిందటి వారం కొన్న మనిషి మళ్లీ వస్తే గుర్తుపట్టి పలకరిస్తుంది. ధర దగ్గర ఎక్కడ తగ్గాలో, ఎక్కడ తగ్గకూడదో ఆమెకు తెలుసు.

ఫోనులో చేసేది ఇదే. ఫోటో అంటే సరుకు పేర్చడం. దాని కింద రాసే నాలుగు మాటలు రుచి చూపించడం. అడిగినదానికి జవాబివ్వడం పలకరింపు. కొనేవాళ్ల నమ్మకం ఒక రోజులో రాదు, సంతలోనూ రాదు, ఫోనులోనూ రాదు. తేడా ఒక్కటే. సంతలో గంప ముందు ఆమే కూర్చుంటుంది. ఫోనులో ఆమె బొమ్మ కూర్చుంటుంది, వెనక ఇంకెవరో ఉంటారు.

పొందూరు చెప్పే పాఠం

పొందూరు సంగతే తీసుకుందాం. మన ప్రాంతం గర్వంగా చెప్పుకునే సన్న ఖద్దరు అది. గాంధీజీ ఈ ఖద్దరు గురించి విని, వివరాలు తెలుసుకు రమ్మని తన కొడుకు దేవదాస్ గాంధీని 1921లో ఇక్కడికి పంపించారు. 1949లో అక్కడ ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. ఇవన్నీ ప్రతి పేజీలోనూ రాస్తారు. రాయనిది ఒకటుంది. ఆ నూలు వెనక ఉన్న పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లది.

కొండపత్తిని గింజతో సహా తీసుకుని, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడలో ఉండే సన్నటి పళ్లు దూదిని దువ్వెనలా శుభ్రం చేస్తాయి. తర్వాత గింజ తీస్తారు. చిన్న విల్లుతో ఏకుతారు. ఏకులు చుట్టి, గాలికి చెదరకుండా అరటిపట్టలో దాచుకుంటారు. ఆపైన 24 ఆకుల రాట్నం మీద, ఒంటి కదురుతో, 100 నుంచి 120 కౌంటు దాకా నూలు వడుకుతారు. ఆ కౌంటులో వెయ్యి మీటర్ల చిలప తూకం వేస్తే 10 గ్రాములు మించదు. ఒక్కసారి ఆలోచించండి. కిలోమీటరు పొడవు దారం, ఒక చెంచా పంచదార బరువు.

కొనేవాళ్లను ఆకట్టుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? "సంప్రదాయ వైభవం", "స్వచ్ఛమైన అందం" లాంటి మాటలు ఎవరైనా రాయగలరు, ఏ మిల్లు గుడ్డ మీదైనా రాయగలరు. తూకం రాయి పక్కన ఒక చిలప పెట్టి ఫోటో తీసి, "వెయ్యి మీటర్లు, పది గ్రాములు, నేను వడికాను" అని రాయగలిగేది ఆ అప్ప ఒక్కతే. చేప దవడతో దూది దువ్వే చేతులను అర నిమిషం వీడియో తీసి, "ఇలా ఎందుకు దువ్వుతాం?" అని ఆమె గొంతుతో, ఆమె యాసలో చెప్పించండి. "ఏటప్పా, ఈ భాషలో సెప్తే ఎవులు కొంటారు?" అని ఆడవాళ్లు సిగ్గుపడతారు. కొనేవాళ్లు వినాలనుకునేది ఆ గొంతునే. మన యాసను సినిమాల్లో నవ్వులాటకి వాడుకున్నారు. మన సరుకు గురించి మన యాసలో మనమే చెప్పుకోవడం కూడా ఆత్మగౌరవంలో భాగమే.

ఇదే మాట మిగతా పనులకూ వర్తిస్తుంది. బొబ్బిలి వీణ పనస కర్ర నుంచి ఎలా పుడుతుందో, బుడితి కంచు, ఇత్తడి పాత్రకు ఆ నునుపు ఎలా వస్తుందో, సీతంపేట కొండల మీద పసుపు ఎలా ఉడకబెట్టి ఎండబెడతారో, పలాసలో జీడిగింజ ఎన్ని చేతులు మారితే తెల్లటి పప్పు అవుతుందో... ఇవన్నీ కొనేవాళ్లకి తెలియని విషయాలు. తెలిస్తే బేరమాడే నోరు కొంత తగ్గుతుంది.

మన ఉద్యమ చరిత్రలోనూ ఇందుకు రుజువుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం అక్షరాస్యత పాఠాల నుంచి రాజుకుంది. ఆ పాఠంలో వాళ్లు చదివింది తమ బతుకునే. 1992లో ఆ కబురు ఊరూరా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఫోను లేదు, ఇంటర్‌నెట్టు లేదు. సొంత బతుకు గురించి సొంత మాటల్లో చెప్పుకున్న కథకి ఉన్న బలం అది. ఇప్పుడు అదే బలాన్ని సరుకు అమ్ముకోవడానికి వాడుకోబోతున్నాం. అందుకే అది ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి.

ఫోను ఎవరి చేతిలో ఉంది?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్‌నెట్ వాడిన ఆడవాళ్లు 21 శాతం. మగవాళ్లు 48.8 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఊళ్లలో తిరిగే మీకు తెలుసు, ఇంట్లో ఫోను ఉండటం వేరు, ఆడమనిషి చేతిలో ఫోను ఉండటం వేరు. పొద్దున్న కొడుకు పట్టుకుపోతాడు, సాయంత్రం భర్త. కొనేవాళ్ల మెసేజి మధ్యాహ్నం వస్తే, ఆమె చూసేది రాత్రి. అప్పటికి వాళ్లు ఇంకోచోట కొనేసుకున్నారు. "మా ఆడవాళ్లకు చురుకుదనం లేదు" అని మనమే రిపోర్టులో రాస్తాం.

ఫోను తర్వాత సిమ్. వాట్సాప్ వ్యాపార ఖాతా నడిచేది ఒక ఫోను నంబరు మీద. ఆ సిమ్ ఎవరి ఆధార్‌తో తీసుకున్నారు? మన సంఘాల్లో ఈ ప్రశ్న అడిగి చూడండి. భర్త పేరు, మరిది పేరు, ఒక్కోసారి మన సంస్థ కార్యకర్త పేరు! నాలుగేళ్లు కష్టపడి రెండు వందల మంది కొనేవాళ్లను కూడబెట్టుకున్నాక, ఇంట్లో గొడవ జరిగి ఆ నంబరు ఆయన తీసుకుపోతే? పొలం పట్టా ఎవరి పేర ఉందని అడిగే మనం, సిమ్ ఎవరి పేర ఉందని అడగటం ఇంకా అలవాటు చేసుకోలేదు. ఈ రోజుల్లో అది కూడా పట్టాయే.

సిమ్ తర్వాత పాస్‌వర్డు. నేను తప్పు ఒప్పుకోవాల్సింది ఇక్కడే. కొన్నేళ్ల క్రితం ఒక ప్రాజెక్టులో మేము సంఘం ఆడవాళ్ల కోసం ఒక పేజీ తెరిచాం. మంచి ఫోటోలు పెట్టాం, ఆర్డర్లు వచ్చాయి. పాస్‌వర్డు మా కార్యాలయంలో ఒక అబ్బాయి దగ్గర ఉండేది. ప్రాజెక్టు అయిపోయింది. ఆ అబ్బాయి వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. పేజీ అలాగే ఉంది, కొనేవాళ్లు అడుగుతూనే ఉన్నారు, జవాబిచ్చేవాళ్లు లేరు. ఆడవాళ్లు మమ్మల్ని ఏమీ అనలేదు. అనకపోవడం ఇంకా బాధ.

ఇది మనకు కొత్త అనుభవమా? డ్వాక్రా తొలినాళ్లు గుర్తు చేసుకోండి. పొదుపు ఆడవాళ్లది, పాసుపుస్తకం ఇంకెవరి సంచిలోనో ఉండేది. బ్యాంకు గడప తొక్కడం, సంతకం నేర్చుకోవడం, "మా పుస్తకం మాకివ్వండి" అని అడగడం - వాటిని సాధించుకోవడానికి ఏళ్లు పట్టింది. 2000లో వెలుగు పథకం మొదటి విడతగా తీసుకున్న ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. తీర్మానం రాసుకోవడం, లెక్కలు చూసుకోవడం మన ఆడవాళ్లు అప్పుడే నేర్చుకున్నారు. పాస్‌వర్డు కొత్త పాసుపుస్తకం. పాత పోరాటమే, కొత్త రూపంలో.

అద్దె స్థలంలో ఇల్లు

ఇంకో హెచ్చరిక. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. రాజకీయం పక్కన పెట్టండి. ఊళ్లలో ఎంతోమంది ఆడవాళ్లు, వంటలు చేసేవాళ్లు, పాటలు పాడేవాళ్లు, లక్షల మంది చూసేంత పేరు తెచ్చుకున్నారు. ఒక్క రాత్రిలో అంతా పోయింది. చూసేవాళ్లలో ఒక్కరి నంబరూ వాళ్ల దగ్గర లేదు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ అన్నీ పరాయివాళ్ల స్థలాలే. అక్కడ దుకాణం పెట్టుకోవచ్చు, కానీ స్థలం మనది కాదు. ఎవరికి మన పోస్టు కనపడాలో, ఎవరికి కనపడకూడదో నిర్ణయించేది ఆ కంపెనీ. అందుకని కొన్నవాళ్ల పేరు, ఊరు, నంబరు, ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు అన్నది వాళ్ల అనుమతితో ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఆ పుస్తకం సంఘం బీరువాలో ఉండాలి. పండగకి ముందు ఆ పాత కొనుగోలుదారులకు ఒక కబురు పంపండి. వెయ్యిమంది "లైకు" కొట్టడం కంటే, రెండోసారి కొన్న యాభైమంది ముఖ్యం.

ఒకే చోట ఆధారపడకండి. ప్రభుత్వ ప్రదర్శనలు, ఖాదీ దుకాణాలు, గిరిజన సహకార సంస్థ, ఊళ్లోని సంత - వీటిని వదిలిపెట్టి అంతా ఫోనులోకి మారడం తెలివైన పని కాదు. పెద్ద అమ్మకపు వేదికల్లో చేరాలనుకుంటే, 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న అమ్మకందారులు కూడా కొన్ని షరతులతో రాష్ట్రం లోపల అమ్ముకునే వీలు వచ్చింది. తినే సరుకైతే ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇవి మనం కూర్చుని చేయించాల్సిన పనులు.

జాలి అమ్మకండి, ధర చెప్పండి

ఇప్పుడు ఏం రాయాలి అన్న విషయం. మనలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. "పేద మహిళలను ఆదుకోండి, ఒక చీర కొనండి" అని రాస్తాం. జాలితో కొన్నవాళ్లు ఒకసారి కొంటారు. రెండోసారి వాళ్ల జాలి ఇంకోచోటికి వెళుతుంది. పైగా ఆ మాట పనిమంతురాలిని బిచ్చగత్తెను చేస్తుంది.

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ల చేతులు చూశారా? జీడి నూనె తగిలి నల్లబడి, చర్మం కాలిపోయి ఉంటాయి. ఆ చేతుల ఫోటో పెడితే మనసు కరిగి కొంటారు, నిజమే. కానీ ఆ ఫోటో చెప్పాల్సింది కొనేవాళ్లకి కాదు, యజమానికి, కార్మిక శాఖకు. చేతికి తొడుగులు కావాలని, పొట్టు తీసిన కిలోకి ఇంత కూలి కావాలని. కాలిన చేతుల్ని అమ్మకానికి అలంకారంగా పెడితే, ఆ కాలిన గాయం మానకుండా ఉండటమే వ్యాపారానికి లాభం అవుతుంది. ఈ తేడా మనం మరిచిపోకూడదు.

జాలికి బదులు లెక్క చెప్పండి. పత్తికి ఇంత, వడికినందుకు ఇంత, నేసినందుకు ఇంత, పార్సిలుకు ఇంత, సంఘానికి ఇంత అని ధర విడదీసి చూపించండి. 2025 ఏప్రిల్ 1 నుంచి చరఖా మీద వడికిన చిలపకు 15 రూపాయల కూలి అని ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ప్రకటించింది. అంటే వెయ్యి మీటర్ల నూలుకు ఒక టీ ఖరీదు! ఈ సంఖ్య చూసిన కొనుగోలుదారు "ధర ఎందుకింత?" అని అడగటం మానేసి, "కూలి ఎందుకింతే?" అని అడగాలి. మన పోస్టుల వల్ల ఆ ప్రశ్న పుడితే, అది చీర అమ్ముడుపోవడం కంటే పెద్ద విజయం.

నిజమే చెప్పండి. చేత్తో వడికి చేత్తో నేసిందే ఖద్దరు. మిల్లు నూలు కలిస్తే కలిసిందని రాయండి. అబద్ధపు ప్రకటన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మేవాళ్లే కొన్నవాళ్లలా నటించి మెచ్చుకోలు రాసుకోకూడదు. మన కుర్రాళ్లు సరదాగా చేసే పని ఇది, ఆపండి. డబ్బు తీసుకుని మెచ్చుకునేవాళ్లు ఆ సంగతి చెప్పి తీరాలని కూడా నిబంధన ఉంది. ఈ చట్టాలు మనకు అడ్డం కావు. లావు నూలును పొందూరు ఖద్దరని అమ్మేవాళ్ల మీద మనం ఫిర్యాదు చేయడానికి ఇవే ఆయుధాలు.

ఒక్క మాట గురించి కూడా చెప్పాలి. "నేతన్న" అంటాం. పత్రికల్లో అదే, పథకాల పేర్లలో అదే, అమ్మకపు పేజీల్లోనూ అదే. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్లలో దాదాపు 72 శాతం ఆడవాళ్లు. 72 మందిని వదిలేసి 28 మందికి పేరు పెట్టాం! వడికే ఆమె, ఆసు పోసే ఆమె, కండెలు చుట్టే ఆమె "సహాయం" చేస్తున్నట్టు రాస్తాం. మన పేజీల్లో ఎవరి పని ఏదో స్పష్టంగా రాద్దాం. ఖర్చులేని మార్పు ఇది.

రాత్రి వచ్చే ఫోన్లు

నంబరు బయటపెడితే సరుకు అడిగేవాళ్లే ఫోను చేయరు. ఇది మీ అందరికీ తెలుసు, కానీ సమావేశాల్లో చెప్పుకోం. విజయనగరం వైపు ఒక అమ్మాయి పచ్చళ్లు అమ్మడానికి తన సొంత నంబరు పెట్టింది. రాత్రి పదకొండుకు ఫోన్లు, పాడు మాటలు, బొమ్మలు. ఇంట్లో చెబితే ఏం జరిగింది? అడ్డమైనవాడిని ఎవరూ ఏమీ అనలేదు. ఆమె ఫోను లాక్కున్నారు. వ్యాపారం ఆగిపోయింది. వేధించినవాడు బాగానే ఉన్నాడు, ఉపాధి పోయింది ఆమెకి.

అందుకని అమ్మకానికి వేరే నంబరు పెట్టుకోవాలి. సంఘం నంబరైతే మంచిది. జవాబిచ్చే వేళలు ముందే రాయాలి, పొద్దున్న ఇన్నింటి నుంచి సాయంత్రం ఇన్నింటి వరకని. అర్ధరాత్రి మెసేజికి జవాబివ్వడం సేవ కాదు, కూలి లేని పని. పాడు మెసేజి వస్తే భయంతో తుడిచేయకండి. ముందు స్క్రీన్‌షాట్ తీసి, సంఘంలో ఇంకొకరికి చూపించి, ఆ తర్వాత బ్లాక్ చేయండి. వద్దన్నా వెంటపడటం, ఫోనులో వేధించడం 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. లైంగిక వేధింపు 75వ సెక్షన్ కిందకి వస్తుంది. మహిళా హెల్ప్‌లైన్ 181. "మీ స్టేషన్ పరిధి కాదు" అని పంపించేస్తే, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకుని తీరాలని గుర్తు చేయండి.

డబ్బు మోసం సంగతి. "మీకు డబ్బు పంపుతున్నాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. ఒక్క సూత్రం గోడ మీద రాసి పెట్టండి: డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. పిన్ అడిగారంటే పోయేది మన డబ్బే. మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత అవకాశం. డబ్బు వచ్చే ఖాతా కూడా ఆమెదే అయి ఉండాలి. భర్త ఖాతాకు పడిన డబ్బు ఇంటి డబ్బు అవుతుంది, ఆమె సంపాదన అని ఎవరూ అనరు.

మన బాధ్యత

చివరిగా మన గురించి మనం మాట్లాడుకోవాలి. ఆడవాళ్ల ఫోటోలు అడగకుండా తీసేవాళ్లు వ్యాపారులు మాత్రమేనా? మన వార్షిక నివేదికల అట్ట మీద ఎవరి ముఖాలున్నాయి? వాళ్లను అడిగామా? అడిగామంటే, "ఫోటో తీసుకోమా అమ్మా?" అని కెమెరా ఎత్తాక అడగటం అడగటమేనా?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంతో చెప్పింది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలు చేస్తున్నారు. చట్టం పూర్తిగా అమలయ్యేదాకా ఆగాల్సిన పని లేదు. రేపటి నుంచే మన సంఘాల్లో ఈ పద్ధతులు పెట్టుకుందాం.

ఫోటో తీసే ముందు ఎక్కడ పెడతాం, ఎందుకు పెడతాం, ఎన్నాళ్లు పెడతాం అని తెలుగులో చదివి వినిపించి ఒప్పుకోలు తీసుకుందాం. వద్దంటే తీయొద్దు. తర్వాత తీసేయమంటే తీసేద్దాం. పెట్టిన పోస్టు మొదట ఆమెకే చూపిద్దాం. ఆమె బొమ్మతో ఆమె చేసిన సరుకే అమ్ముదాం.

సిమ్, ఖాతా సంఘం సభ్యురాలి పేర ఉండాలి. పాస్‌వర్డు కనీసం ఇద్దరు సభ్యులకు తెలియాలి. కార్యకర్త దగ్గర మాత్రమే ఉండకూడదు. నెలకోసారి సంఘం సమావేశంలో పొదుపు లెక్కలతోపాటు పేజీ లెక్కలు కూడా చదవాలి. ఎంతమంది అడిగారు, ఎంతమంది కొన్నారు, ఎవరికి ఎంత వచ్చింది. ఫోనులో జవాబిచ్చే అమ్మాయికి ఆ పనికి కూలి ఇవ్వాలి. "చిన్నపిల్ల, సరదాగా చేస్తుంది" అనే మాటతో ఇంకో ఉచిత శ్రమను పుట్టించవద్దు.

ప్రాజెక్టు పెట్టే రోజునే, ప్రాజెక్టు అయిపోయిన రోజు ఈ ఖాతా ఎవరి చేతిలో ఉంటుందో రాసుకుందాం. మేము రాసుకోలేదు. మీరు రాసుకోండి.

ఇదంతా చేస్తే అమ్మకాలు పెరుగుతాయా అని మీరు అడగవచ్చు. పెరుగుతాయని మాటివ్వలేను. లావు నూలు చీర మీద అందమైన ఫోటో పెట్టినవాళ్లు మనకంటే ఎక్కువే అమ్మవచ్చు. కానీ మన సంఘాలు కేవలం అమ్మకం కోసం పుట్టినవి కావు. ఆడమనిషి తన శ్రమ గురించి తానే మాట్లాడి, ఆ మాటకు ధర తానే చెప్పి, ఆ డబ్బు తానే లెక్కపెట్టుకునే రోజు కోసం పుట్టినవి.

ఆ పొందూరు అప్పను ఇక్కడికి రమ్మని అడిగాను. "నానెందుకమ్మా, నా సంగతి నువ్వే సెప్పీ" అంది. పేరు చెప్పమంటావా అని అడిగితే కాసేపు ఆలోచించింది. "ఇప్పుడొద్దు. ఆ బొమ్మ తీయించీసిన నాడు, నా నూలు పక్కన నా పేరు నానే ఎట్టుకుంతాను" అంది.

అందుకే పేరు చెప్పలేదు. ఆ పేరు చెప్పే హక్కు ఆమెది. ఆ బొమ్మ తీయించే పని మాత్రం మనందరిది. ఈ సమావేశం ముగిసేలోగా ఆ ఫిర్యాదు రాసి, ఆమెకు చదివి వినిపించి, ఆమె సంతకంతో పంపుదామని నా ప్రతిపాదన. ఎవరెవరు కలిసి కూర్చుంటారో చేతులెత్తండి.